కరెంటు వచ్చాక పొంగిన అక్వేరియం

రాజమండ్రి నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. చివరి పేజీలో పెన్సిల్‌తో పైపుల బొమ్మ కూడా గీశారు. ఉత్తరాన్ని కుదించి ఇస్తున్నాను.

“నాకు 41 ఏళ్లు. అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తులో సొంత ఫ్లాటు. హాల్లో అక్వేరియం ఉంది, నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. ట్రాన్స్‌ఫరై వెళ్లిపోతున్న కొలీగ్ దగ్గర నాలుగేళ్ల కిందట కొన్నాను. నాలుగు ఏంజెల్స్, డజను టెట్రాలు, ఒక ప్లెకో ఉన్నాయి. ఈ మార్చిలో స్టాండు కింద సంప్ పెట్టాలనే కోరిక పుట్టింది. అంటే పై ట్యాంకు నీళ్లు దిగి, పంపుతో మళ్లీ పైకెక్కే రెండో తొట్టి. ట్యాంకుకి రంధ్రం వేసే ధైర్యం లేక, వీడియోలు చూసి, అంగుళం పీవీసీ పైపులు, ఎల్బోలు, టీలతో, పైనీళ్లని అద్దం అంచు మీదుగా సంప్‌లోకి దించే ఓవర్‌ఫ్లో నేనే చేశాను. మూడు ఆదివారాలు పట్టింది. విప్పి కడుక్కోవడానికి వీలుగా పైజాయింట్లకి పీవీసీ అతికించే సొల్యూషన్ వేయలేదు. టెఫ్లాన్ టేపు చుట్టి బిగించాను. చుక్క కారలేదు. ప్లగ్గు తీసి ఐదు నిమిషాలాగి మళ్లీ పెట్టడం ఇరవై సార్లు చేసి చూశాను. ప్రతిసారీ దానంతటదే అందుకుంది. సంప్ రెండున్నర అడుగుల పొడవు, అడుగు వెడల్పు. లోపల అడ్డాలేమీ పెట్టలేదు, పది అంగుళాల నీళ్లు ఉంచాను. నడుస్తున్నప్పుడు పై ట్యాంకులో నీళ్లు అంచుకి అంగుళంన్నర కిందుగా ఉండేవి.

మే నెలలో కాకినాడలో బావమరిది గృహప్రవేశానికి వెళ్లి రాత్రి పదింటికి తిరిగొచ్చాం. డోర్‌మ్యాట్ తడిసి ముద్దయింది. హాలంతా నీళ్లు. ట్యాంకు అంచుదాకా తొణుకుతోంది, కింద పంపు గరగరమంటోంది. మధ్యాహ్నం రెండు గంటలపాటు కరెంటు తీశారని వాచ్‌మన్ చెప్పాడు. కింది ఫ్లాటులో రిటైర్డ్ హెడ్మాస్టారు ఉంటారు. వాళ్ల హాలు సీలింగుకి చాపంత మరక పడింది. ‘పర్లేదు బాబూ’ అన్నారు గానీ ఆయన చూపు మరక మీదే ఉంది. నా భార్య ఒక్క మాట అనలేదు. పాత లుంగీలు, తువ్వాళ్లు తెచ్చి పన్నెండింటిదాకా నాతో పాటు తుడిచింది. పొద్దున కాఫీ ఇస్తూ మాత్రం, ‘ఈసారి ఊరికి మీరూ పాపా వెళ్లిరండి, నేను దీనికి కాపలా ఉంటాను’ అంది.

సంప్ ఆపేశాను. కరెంటు పోయినప్పుడు పైనీళ్లు పైపుల్లోంచి దిగి సంప్ పొంగిందని నాకు అర్థమైంది. నీళ్లని పైకెక్కించే రిటర్న్ పైపుకి, వాటిని వెనక్కి రానివ్వని నాన్-రిటర్న్ వాల్వ్ వేస్తే సరిపోతుందా? లేక అంతా తీసేసి ఇంట్లో అందరికీ మనశ్శాంతి ఇవ్వనా? ఏడో తరగతి చదివే మా పాప చేపల్ని ఎవరికీ ఇవ్వొద్దంటోంది.”

ముందు నాన్-రిటర్న్ వాల్వ్ సంగతి చూద్దాం, ఎందుకంటే మీరు దొంగని వదిలేసి పక్కింటివాణ్ణి పట్టుకున్నారు. ట్యాంకు అంచుదాకా తొణుకుతోందని, కింద పంపు గరగరమంటోందని మీరే రాశారు. పంపు గరగరమనేది నీళ్లు అందక గాలి పీలుస్తున్నప్పుడే. అంటే సంప్ ఖాళీ అయింది. సంప్ పొంగి ఉంటే కరెంటొచ్చాక పై ట్యాంకు మామూలు మట్టానికే చేరాలి, అంచుదాకా ఎక్కదు. మీ ఇంట్లో జరిగింది తిరగేసి. నీళ్లు పైకెక్కాయి, కిందికి దిగలేదు. పై ట్యాంకు పొంగింది. అది కూడా కరెంటు పోయినప్పుడు కాదు, రెండు గంటల తరవాత తిరిగొచ్చినప్పుడు.

అంచు మీదుగా దిగే ఓవర్‌ఫ్లో అంటే సైఫనే. వెనకటికి కిరోసిన్ డ్రమ్ములో ట్యూబు వేసి నోటితో ఒక్కసారి లాగి వదిలితే దానంతటదే కారేది గుర్తుందా, అదే సూత్రం. బోర్లించిన యూ ఆకారపు పైపు నిండా నీళ్లున్నంతసేపే అది పనిచేస్తుంది. మీ బొమ్మలో లోపలి కాలు, బయటి కాలు రెండూ కిందికి దిగి మళ్లీ నీటి మట్టందాకా లేచాయి. అది సరిగ్గానే గీశారు, సరిగ్గానే చేశారు కూడా. అందువల్లే కరెంటు పోయి పంపు ఆగినా యూలో నీళ్లు నిలబడ్డాయి, ఐదు నిమిషాల పరీక్ష ఇరవై సార్లూ పాసైంది.

ఓడించింది పైజాయింట్లు. చుక్క కారలేదని రాశారు. కారదు. నీటి మట్టానికి పైన ఉండే ఆ వంపులో ఒత్తిడి బయటి గాలికంటే తక్కువ. అక్కడ జాయింటు వదులైతే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది. కంటికి ఏమీ కనపడదు. పంపు నడుస్తున్నంతసేపు పారే నీళ్లు ఆ బుడగల్ని తోసుకుపోతాయి. పంపు ఆగితే తోసేవాళ్లు లేరు. ఐదు నిమిషాల్లో చేరే గాలి లెక్కలోది కాదు, రెండు గంటల్లో చేరేది వంపుని ఖాళీ చేయడానికి చాలు. తరవాత కరెంటొచ్చింది, పంపు తన పని తాను చేసుకుపోయింది, దిగాల్సిన దారి మాత్రం తెగిపోయి ఉంది. పోస్టులో వచ్చిన బొమ్మ చూసి చెబుతున్నాను కాబట్టి నూటికి నూరుపాళ్లు ఇదే అని ప్రమాణం చేయలేను. కానీ మీరు రాసిన ప్రతి ఆనవాలూ దీనికే కలుస్తోంది.

ఇక ఎన్ని నీళ్లు పోయాయో లెక్క కడదాం. మీ సంప్‌లో ఒక్క అంగుళం మట్టం అంటే దాదాపు 6 లీటర్లు. పది అంగుళాల్లో పంపు నోటికి కింద మిగిలే రెండు తీసేస్తే ఎనిమిది, అంటే 48 లీటర్లు పైకి వెళ్లగలవు. పై ట్యాంకులో అంగుళానికి 14 లీటర్లు పడతాయి, ఉన్న ఖాళీ అంగుళంన్నర, అంటే 21 లీటర్లు. మిగిలిన 27 లీటర్లకీ మీ హాలే గతి. బకెట్టున్నర కూడా లేని నీళ్లు. అవే ఫ్లోరంతా పరుచుకుంటే చెరువులా కనిపిస్తాయి, సందు దొరికితే స్లాబు దిగుతాయి.

ఈ లెక్క పనిగట్టుకుని చెప్పడానికి కారణం ఉంది. జాయింట్లు అతికించినా సరే, యూ పైపు ఏదో ఒకరోజు ఆగుతుంది. నత్త అడ్డంపడొచ్చు, ఆకు చేరొచ్చు. నా సంగతే చెబుతాను. అద్దె ఇంట్లో ఉన్న రోజుల్లో ఉసిరికాయంత నత్త ఒకటి పైపు టీ జాయింటులోకి నడిచెళ్లి కూర్చుంది. పైపులన్నీ పక్కాగా అతికించానన్న ధీమాతో నేను నిద్రపోతున్నాను. తెల్లవారుజామున మంచం దిగి కాలు పెడితే చల్లగా తగిలింది. ఇంటావిడతో నేనేం చెప్పుకున్నానో ఇక్కడ రాయను. కాబట్టి అడగాల్సిన ప్రశ్న, ఓవర్‌ఫ్లో ఆగకుండా ఎలా చేయాలి అని కాకుండా, అది ఆగినరోజు ఎన్ని నీళ్లు పైకి వెళ్లగలవు అని అడగాలి. మీ సంప్ జవాబు 48. ఆ జవాబు 21 లోపు ఉంటే ఆ రాత్రి మీరు తాళం తీసి, పంపు గోల విని, విసుక్కుని, భోంచేసి పడుకునేవారు.

దానికి కావాల్సింది ఒక అద్దం ముక్క. సంప్‌లో చివరి అడుగు మేర అడ్డంగా అద్దం అతికించి పంపుకి వేరే గది కట్టండి. అడుగూ అడుగూ గదిలో అంగుళానికి 2.4 లీటర్ల లోపే పడతాయి. పంపు నోటికి పైన ఆరంగుళాలు ఉంచితే పైకి వెళ్లగలిగేది సుమారు 14 లీటర్లు. సైఫన్ చచ్చిపోయినా పై ట్యాంకు ఒక అంగుళం లేచి ఆగుతుంది, ఇంకా అరంగుళం ఖాళీ ఉంటుంది. పంపు నీళ్లు లేక తిరిగి కాలిపోవచ్చు. కాలనివ్వండి, పంపు కొత్తది దొరుకుతుంది. అద్దానికి వాడే సిలికాన్ మాత్రం బాత్రూములకి అమ్మేది, బూజు పట్టకుండా మందు కలిపినది వద్దు, చేపలకి మంచిది కాదు. అతికించాక రెండు రోజులైనా ఆరనివ్వండి, ఆ పుల్లటి వాసన పూర్తిగా పోవాలి.

దీనికో ఇబ్బంది ఉంది, ముందే చెప్పాలి. సంప్ ఉన్న ట్యాంకులో ఆవిరైపోయే నీరంతా లెక్క తేలేది ఆ చిన్న గదిలోనే. పై ట్యాంకు మట్టం కదలదు, పంపు గది మాత్రం తగ్గుతూ పోతుంది. మన గోదావరి ఎండల్లో, ఫ్యాను కింద, రెండు మూడు రోజులకోసారి నీళ్లు పోయకపోతే పంపు గాలి పీలుస్తుంది. వారం రోజులు తాళం వేసి వెళ్లే ఇల్లైతే ఇది ఆలోచించుకోవాల్సిందే.

ఇక మీ ముందున్న దారులు.

ఉన్న ఓవర్‌ఫ్లోనే బాగుచేసుకోవచ్చు. పైవంపు జాయింట్లన్నింటికీ సొల్యూషన్ వేసేయండి. విప్పడానికి వీలు కావాలంటే బయటివైపు పైపు సంప్‌కి దిగే చోట యూనియన్ పెట్టుకోండి, అక్కడ గాలి దూరినా సైఫన్‌కి నష్టం లేదు. వంపు నెత్తిన చిన్న రంధ్రం వేసి ఎయిర్ ట్యూబు బిగించి, దాన్ని ట్యాంకులో మునిగి నడిచే చిన్న పంపు, అంటే పవర్‌హెడ్, గాలి పీల్చుకునే గొట్టానికి కలిపితే, చేరిన గాలిని అది లాగేస్తూ ఉంటుంది, కరెంటొచ్చాక సైఫన్ని మళ్లీ లేపుతుంది కూడా. ఒకటికి రెండు యూలు పక్కపక్కన పెట్టండి, ఒక్కటే మొత్తం నీళ్లు దించగలిగేలా. ఖర్చు తక్కువే. కానీ ఇంత చేసినా నమ్మకం అంతంతమాత్రమే. నెలకోసారి బ్రష్ పెట్టి కడగాలి, రోజూ ఓ చూపు వేయాలి. మీకు ఆ చూపు సరదా కావచ్చు, మీ ఆవిడకి అదే టెన్షన్.

రెండోది, మీరు భయపడిన రంధ్రం. నా ఓటు దీనికే. అద్దంలో రంధ్రముంటే సైఫన్ గొడవే లేదు, మట్టం దాటిన నీళ్లు వాటంతటవే పడిపోతాయి. రెండు గంటలు కాదు, రెండు రోజులు కరెంటు పోయినా దానికి పట్టదు. అయితే మీ అద్దం టఫెండ్, అంటే వేడిచేసి గట్టిపరిచినదో, మామూలుదో ముందు తేల్చుకోవాలి, టఫెండ్ అద్దానికి డ్రిల్లు తగిలితే పలుకులు పలుకులై రాలిపోతుంది. మన ఊళ్లలో అక్వేరియం షాపులవాళ్లు షీట్లు కోసి అతికించే ట్యాంకులు ఎక్కువగా మామూలు అద్దమే గానీ, సెకండ్‌హ్యాండ్‌ది కాబట్టి ఊహ మీద పోవద్దు. వెనక అద్దం వెనకాల ల్యాప్‌టాప్ తెల్ల స్క్రీన్ పెట్టి, పోలరాయిడ్ కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని ఇవతలనుంచి చూడండి. తల అటూ ఇటూ వంచండి. నల్లటి మచ్చలో చారలో తేలితే టఫెండ్, దాని జోలికి పోవద్దు. మూడు వైపులా చూడండి, ట్యాంకు అడుగున ఉన్న అద్దం గురించి అసలు ఆలోచించకండి.

మామూలు అద్దమైతే, రంధ్రం అంచుకీ అద్దం అంచుకీ మధ్య కనీసం రంధ్రమంత దూరం ఉండాలి. డైమండ్ హోల్ కట్టరు, నెమ్మది స్పీడు, ఆగకుండా నీళ్లు, చేతి బరువు వేయకుండా. చేయి తిరిగిన గ్లాస్ షాపతన్ని పిలిస్తే మంచిది. రెండు రంధ్రాలు వేయించండి. ఒకటి రోజూ నడిచేది, రెండోది దానికంటే కొంచెం ఎత్తులో, మొదటిది మూసుకుపోతేనే నీళ్లు తాగేది. మేడ మీద ప్లాస్టిక్ ట్యాంకుకి వాడే ట్యాంక్ నిపులే ఇక్కడా బిగుస్తుంది, రబ్బరు వాషరు నీళ్లవైపు రావాలి. చేత్తో బిగించి, ఆపైన పావు తిప్పు, అంతే. ఒంటి పైపు కిచెన్ సింకులా గళగళమంటుంది. లోపలివైపు ఎల్బోని కిందికి తిప్పి, దాని నెత్తిన చిన్న గాలి రంధ్రం వేస్తే చాలావరకు సద్దుమణుగుతుంది.  నష్టం ఏమిటంటే, ట్యాంకు మొత్తం ఖాళీ చేయాలి, చేపలకి వారం రోజులు టబ్బులో కాపురం. పాత అద్దం చిట్లితే ట్యాంకే పోతుంది. ఆ పందెం కాయగలరో లేదో మీరు చూసుకోండి.

మూడోది అందంగా ఉండదు గానీ బుద్ధిగా ఉంటుంది. ఫిల్టరు పెట్టెని కింద కాకుండా పైన పెట్టడం. ట్యాంకులోని పంపు నీళ్లని పై పెట్టెలోకి ఎక్కిస్తుంది, అక్కణ్నుంచి ట్యాంకులోకే పడతాయి. కరెంటు పోతే ఎక్కడివక్కడ ఆగుతాయి. పెట్టె మూసుకుపోయినా పొంగేది ట్యాంకులోకే పొంగేలా గాడి పెట్టుకోవచ్చు. హాల్లో నెత్తిన డబ్బా కనపడుతుంది, నీళ్ల చప్పుడు ఉంటుంది.

నాలుగోది సంప్ మానేయడం. ఒక నిజం చెబితే నొచ్చుకోకండి. 250 లీటర్ల ట్యాంకులో మీరు రాసిన చేపలకి సంప్ అవసరం లేదు. మంచి క్యానిస్టరు (ట్యాంకు బయట పెట్టే మూత డబ్బా ఫిల్టరు), లేదా రెండు పెద్ద స్పాంజి ఫిల్టర్లు, వారానికోసారి నాలుగోవంతు నీళ్లు మార్చడం, సరిపోతుంది. సంప్ కావాల్సింది మీకు. మూడు ఆదివారాలు పైపులు కోస్తూ కూర్చున్నప్పుడు మీరు ఎంత సంతోషంగా ఉన్నారో ఉత్తరంలోనే తెలుస్తోంది. అది తప్పేమీ కాదు. కానీ ‘చేపల కోసం’ అని ఇంట్లో వాదించకండి, ‘నాకిష్టం’ అనండి. వినేవాళ్లకి తేడా తెలుస్తుంది.

మీ ఆవిడ అన్న మాటలో నాకు వెటకారం కంటే ఎక్కువ కనపడింది. ఆమె ట్యాంకు తీసేయమనలేదు. ఇల్లు వదిలి వెళ్తే నిశ్చింతగా ఉండలేను అంది. కాబట్టి ఆమె ముందు పెట్టాల్సింది హామీ కాదు, పరీక్ష. సంప్ ఉంచుకునే మొదటి రెండు దారుల్లో దేంట్లో వెళ్లినా సరే, అద్దం అడ్డు పెట్టాక ఒక ఆదివారం ముగ్గురూ ట్యాంకు ముందు కూర్చోండి. సంప్ పక్కన పాత దుప్పటి పరచండి. పాప చేత ప్రస్తుత నీటి మట్టం దగ్గర స్కెచ్ పెన్నుతో గీత గీయించండి, అంచుకి అరంగుళం కింద ఇంకో గీత. ఇప్పుడు మీ చేత్తో మీరే ఓవర్‌ఫ్లోని చంపండి. యూ పైపైతే ట్యూబు ఊడదీసి గాలి వదలండి. రంధ్రాలైతే రెండింటికీ గుడ్డ కుక్కండి. పంపు మాత్రం ఆపకండి. నీళ్లు మొదటి గీత దాటతాయి, మెల్లగా పైకి వస్తాయి, ఆ కాసేపూ మీ గుండె కొట్టుకోవడం మీకే వినపడుతుంది. రెండో గీత దగ్గరికి వచ్చేసరికి పంపు గరగరమని, మట్టం పెరగడం ఆగాలి. ఆగకపోతే ప్లగ్గు పీకేసి సంప్‌లోంచి రెండు మగ్గులు తీసేసి మళ్లీ మొదలుపెట్టండి. చివరికి ఏ మట్టం దగ్గర లెక్క కుదిరిందో సంప్ అద్దం మీద శాశ్వతంగా గీత గీయండి. దానికి మించి నీళ్లు పోయకూడదు, ఎవరూ. తరవాత ఓవర్‌ఫ్లోని మళ్లీ మామూలుగా నడవనిచ్చి, ప్లగ్గు తీసి ఐదు నిమిషాలు కాదు, మూడు గంటలు వదిలేసి చూడండి. సంప్ పొంగకూడదు, ప్లగ్గు పెట్టగానే అంతా అందుకోవాలి. మీరు భయపడ్డ వెనక్కి దిగే నీళ్లు అప్పుడు కనపడతాయి. రిటర్న్ పైపుకి నీటి మట్టానికి కొంచెం కిందుగా చిన్న రంధ్రం ఉంటే గాలి దూరి ఆ దిగడం అక్కడే ఆగిపోతుంది. నాచు పట్టి అది మూసుకోకుండా వారానికోసారి పుల్లతో పొడవండి.

ఊరెళ్లేటప్పుడు ఏం చేయాలన్నది వేరే. పొలంలో బోరు మోటారు స్టార్టరు చూసే ఉంటారు. కరెంటు పోతే పడిపోతుంది, వచ్చాక ఎవరో వెళ్లి పచ్చ బటన్ నొక్కితేనే తిరుగుతుంది. మీ పంపుకి ఆ బుద్ధి లేదు. కనుక ఒక పూట, ఒక రోజు వెళ్తున్నప్పుడు పంపు ప్లగ్గు తీసేసి, ట్యాంకులో ఎప్పుడూ ఒక స్పాంజి ఫిల్టరు చిన్న ఎయిర్ పంపుతో నడిచేలా ఉంచుకోండి. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే ఎయిర్ పంపుని దాని మీద వేయండి. రోజుల తరబడి సంప్ ఆపితే లోపలి నీళ్లు కుళ్లిపోతాయి, వచ్చాక వాటిని పారబోసి మొదలెట్టాలి తప్ప అలాగే పైకి ఎక్కించకూడదు. మేడ మీద ట్యాంకు నిండితే మోగే అలారం సెన్సరుని అక్వేరియం అంచుకి తగిలించుకోవచ్చు, ఇంట్లో మనుషులుంటేనే దానితో లాభం. మట్టం పెరిగితే పంపుని ఆపేసే ఫ్లోట్ స్విచ్ ఇంకా మేలు, కానీ ఎలక్ట్రీషియన్ చేత వేయించండి. అతన్ని పిలిచినప్పుడే ఆ లైనుకి కరెంటు లీకైతే సప్లై తెంచేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి. మీరు ఆ రాత్రి తడి నేల మీద నిలబడే ప్లగ్గు పీకి ఉంటారు. నీళ్లకంటే నాకు భయమేసింది అక్కడే. మల్టీప్లగ్గు నేలమీద ఉంటే వెంటనే గోడకి ఎత్తించండి.

హెడ్మాస్టారి విషయంలో ‘ఎంతైందో చెప్పండి సార్’ అనకండి, ఆయన చెప్పరు. మీరే పెయింటర్ని తీసుకుని వెళ్లండి. కాకపోతే ఇప్పుడే కాదు. స్లాబులో తడి పూర్తిగా ఆరకముందు రంగు వేస్తే పొరలు పొరలుగా లేస్తుంది. ఫలానా నెలలో వేయిస్తానని ఆయనకి ఇప్పుడే చెప్పండి, ఆ నెలలో వేయించండి. సంప్ మళ్లీ మొదలుపెట్టే రోజు కూడా ఆయనకి ముందే తెలియాలి, ఫోన్ నంబరు ఇచ్చి రండి.

నాన్-రిటర్న్ వాల్వ్ ఇంకా కొనకపోతే ఆగండి. కొనేసి ఉంటే, బిల్లు పారేయకపోతే, షాపులో మార్చుకుని ఆ డబ్బుతో సంప్‌కి అద్దం ముక్క కోయించుకోండి.